పొలంలోనే నిద్రపోయే లాప్‌టాప్

1999 ఎండాకాలం. మహబూబ్‌నగర్ బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం మేడమీద నా కంప్యూటర్ రిపేరు గది ఉండేది. కింద చీరల బేరాలు, పైన నా సోల్డరింగ్ పొగ. అప్పుడప్పుడే ఊళ్ళో కంప్యూటర్లు పెరుగుతున్నాయి. కోర్టు దగ్గర టైపు చేసేవాళ్ళు, పెళ్ళి కార్డులు అచ్చేసే ప్రెస్సులు, కొత్తగా బోర్డు తగిలించిన ట్రైనింగ్ సెంటర్లు నా గిరాకీలు. వీళ్ళందరికీ తెలిసిన రోగం ఒక్కటే, వైరస్. ప్లగ్గు ఊడినా వైరసే, ఎలుక వైరు కొరికినా వైరసే. లాప్‌టాప్ మాత్రం అరుదు. నా బల్లమీద ఒకటి కనబడిందంటే కింది దుకాణంలోని గుమస్తాలు కూడా మెట్లెక్కి వచ్చి చూసిపోయేవారు.

ఇక లినక్స్ నడిచే లాప్‌టాప్ అంటే ఆ రోజుల్లో జిల్లా మొత్తంలో నేను చూసింది అదొక్కటే. లినక్స్ అంటే, పెద్ద పెద్ద యంత్రాల మీద నడిచే యూనిక్స్ పద్ధతిలో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్. మౌస్‌తో నొక్కుకుంటూ పోవడం తక్కువ, ఆజ్ఞలు టైపు చేయడం ఎక్కువ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో దాన్ని ఒక పట్టు పట్టి నేర్చుకున్నాను. పాలమూరులో అప్పట్లో దాని కడుపులో చెయ్యిపెట్టి చూడగలిగింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కాస్త గొప్ప కోసమే చెబుతున్నాను.

దాన్ని తెచ్చింది షాహీన్ మేడం. భూగర్భ శాస్త్రం చదివిన మనిషి. రైతులకు బోరు పాయింట్లు చూపించే ఒక చిన్న సంస్థలో పనిచేసేవారు. పొలంలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటి ద్వారా నేలలోకి కరెంటు పంపి, లోపలి పొరలు ఆ కరెంటును ఎంత అడ్డుకుంటున్నాయో మీటరుతో కొలుస్తారు. దీన్ని రెసిస్టివిటీ సర్వే అంటారు. మీటరు నుంచి ఒక కేబుల్ లాప్‌టాప్‌లోకి వస్తుంది. కొలతలన్నీ అందాక అందులోని ప్రోగ్రామ్ లెక్క కట్టి, ఇక్కడ పగుళ్ళున్న రాయి, అక్కడ ఉత్త బండ అని బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను యూనిక్స్ కోసమే రాశారు కాబట్టి లాప్‌టాప్‌లో లినక్స్ వేయించుకున్నారు.

“నర్సింహులు భాయ్, ఇది పొలంలకు పోంగనే పండుకుంటుంది,” అన్నారు మేడం, లాప్‌టాప్‌ను నా బల్లమీద పెడుతూ.

“ఆఫీసుల ఎట్ల ఉంటది?”

“ఆఫీసుల పొద్దంత నడుస్తది, ఏం ఫికర్ లేదు. పొలంల సర్వే సగంల ఉండంగ తెర నల్లగైతది. బటన్ వత్తితే లేస్తది గని మీటరును గుర్తువట్టది. మళ్ళ బంద్ జేసి మొదలుకెళ్ళి షురూ చెయ్యాలె. అప్పటిదాంక తీసిన రీడింగులన్నీ పాయె.”

“బ్యాటరీ?”

“కొత్తది ఏయించిన.”

“వైరస్ అని ఎవ్వరు చెప్పలేదా మేడం?”

“చెప్పనోళ్ళు లేరు,” అని నవ్వారు. నవ్వు వెనక అలసట ఉంది. మిషను నడవని ప్రతి ఊళ్ళోనూ రైతులు ఆమెను పంపేసి, అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని నీళ్ళు చూపేవాళ్ళను పిలుచుకుంటున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదే అనుకున్నాను. పులిని పిల్లిని చేస్తున్నదెవరో పట్టుకోవడమే నా పని.

ఆ కాలపు లాప్‌టాప్‌లలో కరెంటు పొదుపు వ్యవహారమంతా ఏపీఎం అనే పద్ధతి చూసేది. ఇందులో పెత్తనం ఇద్దరిది. ఒకటి బయోస్, అంటే యంత్రంతోపాటే పుట్టి, స్విచ్చి వేయగానే ముందుగా లేచే ప్రోగ్రామ్. రెండోది కెర్నల్, లినక్స్‌కు గుండెకాయ. “ఇక పడుకుందాం” అని బయోస్ అంటే కెర్నల్ సరేనని అన్నీ సర్దుకుని పడుకోవాలి. ఈ నిద్రకు సస్పెండ్ అని పేరు. ఇద్దరికీ పొసగలేదా, పడుకున్న యంత్రం సరిగ్గా లేవదు. లేచినా తనకు ఏ కేబుల్ తగిలించి ఉందో మరిచిపోతుంది. అత్తాకోడళ్ళ కాపురం అన్నమాట, ఎవరు ఏ మాటన్నారో తెలిస్తే తప్ప తీర్పు చెప్పలేం.

ఎవరు ఏమన్నారో లినక్స్‌లో రాసి ఉంటుంది, అదే దానిలో నాకు నచ్చే గుణం. చూస్తే, నిద్ర వచ్చిన ప్రతిసారీ “సిస్టమ్ సస్పెండ్” అని ఉంది. మనిషి ఆజ్ఞ టైపు చేసి పడుకోబెడితే “యూజర్” అని ఉంటుంది. సిస్టమ్ అంటే బయోసే అడిగిందని అర్థం. బ్యాటరీ చచ్చిపోతే పడుకునే తీరిక కూడా ఉండదు, ఉన్నట్టుండి ఆరిపోతుంది. కాబట్టి బ్యాటరీ నిర్దోషి. వైరస్ సంగతి చెప్పనే అక్కరలేదు.

బయోస్ నిద్ర ఎందుకు అడుగుతుంది? చాలాసేపు ఎవరూ ముట్టుకోకపోతే అడుగుతుంది. ఆ గడువులన్నీ తీసేశాను. కెర్నల్‌ను ఏపీఎం ఆప్షన్లు మార్చి మళ్ళీ కంపైల్ చేశాను, అంటే కొత్తగా తయారుచేశాను. మూత మూసినా అడుగుతుంది. మూత వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాను. వేస్తే పడుకుంటోంది, తీసి బటన్ వత్తితే లేస్తోంది. ఎక్కడా తేడా లేదు. మూత వేస్తే పడుకునే ఆ ఏర్పాటును మాత్రం తీసేయలేదు, ఎందుకంటే అది మేడంకు కావాలి. ఒక పొలంలో పని అయ్యాక మూత వేసి జీపులో పడేసి ఇంకో పొలానికి పోతారు. పొద్దంతా నా బల్లమీద ఆ యంత్రం కునుకు కూడా తీయలేదు. ధీమాగా ఇచ్చి పంపాను.

వారం తిరగకముందే మళ్ళీ వచ్చారు. “పొలంలకు పోయింది, పండుకుంది,” అన్నారు.

కొంతమంది మెకానిక్కులు ఇలాంటప్పుడు ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కస్టమర్‌కు వాడటం రాదని చెప్పి చేతులు దులుపుకుంటారు. నేను ఆ రకం కాదు. యంత్రం నా దగ్గర బాగుండి ఆమె దగ్గర చెడుతోందంటే, నా దగ్గర లేనిదేదో ఆమె దగ్గర జరుగుతోంది. అది చూడాలంటే రోగి దగ్గరికి వైద్యుడే పోవాలి.

“మీరు మళ్ళ ఎప్పుడు పోతున్నరు మేడం? నేను గూడ వస్త,” అన్నాను.

“రేపే. దేవరకొండ దిక్కు. యాదయ్య అని, ఆయనకు బత్తాయి తోట ఉంది. ఉన్న బోరు ఎండింది. కొబ్బరికాయ పట్టెటాయన చూపిన జాగల ఒకటి ఏస్తే నీళ్ళు రాలే, ఉత్త దుబ్బ లేసింది. ఇప్పుడు ఆఖరుకు ఇంకొకటి ఏస్తుండు. రేపు మధ్యాహ్నంకల్ల బోరు బండి వస్తది. కొబ్బరికాయాయన మళ్ళ ఇంకో జాగల రాయి పెట్టి పోయిండు. బండి వచ్చేలోపల నేను పాయింటు చూపకపోతే, ఆ రాయి కాడనే ఏస్తరు.”

“బండిని జర ఆపుకోలేరా?”

“ఈ ఎండలల్ల బోరు బండి ఎవరి కోసం ఆగుతది భాయ్?”

మర్నాడు పొద్దున్నే జీపులో బయల్దేరి, కల్వకుర్తి దాటి, ఎండ ముదరకముందే తోటకు చేరాం. యాదయ్య యాభై దాటిన మనిషి, తలకు తువ్వాల చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన భార్య సాయమ్మ బిందెతో నీళ్ళు మోసి బత్తాయి చెట్లకు పోస్తోంది. కొన్ని వరుసల చెట్ల పాదుల్లో తడి ఉంది. మిగతా వరుసల్లో ఆకులు ముడుచుకుపోయాయి. నేను వాటివైపు చూడటం సాయమ్మ గమనించింది.

“అన్నిటికి మొయ్యలేం సారూ. ఏ వరుసకు పొయ్యాలె, ఏ వరుసను ఇడిచిపెట్టాలె అని పొద్దుగాల్ల లేస్తే మా ఇంట్ల గదే లొల్లి,” అంది. చెప్పి, ఇంకో బిందె కోసం వెళ్ళిపోయింది. అప్పటిదాకా నాకది లాప్‌టాప్ కేసు. అప్పటినుంచి తోట కేసు.

ఒక చెట్టు నీడలో రేకు బల్ల వేసి మీటరు, లాప్‌టాప్ పెట్టారు. కూలీలు కడ్డీలు దిగ్గొట్టి వైర్లు పరిచారు. స్విచ్చి వేయబోతుంటే సాయమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. అందులో పసుపు, కుంకుమ, అగరొత్తులు. మా దిక్కు ఇది కొత్త కాదు. కొత్త మోటారుకు, ట్రాక్టరుకు, బోరు బండికి బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టరు. కడ్డీలకు పెట్టింది, మీటరుకు పెట్టింది, లాప్‌టాప్ దగ్గరికి వచ్చి ఆగింది.

మేడం మూత తెరిచి, తెరకు కింద, కీలకు పైన, కుడివైపు ఖాళీగా ఉన్న మూలను చూపించారు. “గీడ పెట్టు అమ్మా. తెర మీద వద్దు, అక్షరాల మీద వద్దు.”

తడిపసుపు బొటనవేలితో గట్టిగా అద్ది, గుండ్రంగా తిప్పి, దానిమీద కుంకుమ పెట్టింది సాయమ్మ. నేనూ అందరితోపాటు దండం పెట్టుకున్నాను. మేడం పద్ధతి ఎంత మర్యాదగా ఉందో అనుకున్నాను కూడా. రైతు మనసు నొచ్చుకోకూడదు, తెర పాడవకూడదు.

సర్వే మొదలైంది. కూలీలు కడ్డీలను దూరం జరుపుతుంటే మేడం ఒక్కొక్క రీడింగూ తీస్తున్నారు. నీడ జరిగి ఎండ బల్లమీదికి వచ్చింది. నేను లాప్‌టాప్ పక్కనే, కోడిపిల్ల మీద గద్దలా కన్నేసి నిలబడ్డాను. పని సగానికి పైగా అయిందో లేదో, మేడం ఒక కీ నొక్కగానే తెర నల్లబడింది.

“చూసిన్రా?” అన్నారు మేడం. ఆమె మొహం వాడిపోయింది. గట్టు మీది యాదయ్య ఇటు చూసి, తర్వాత రాయి పెట్టిన చోటు వైపు చూశాడు.

నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, లోపల సంబరమే. దొంగ నా కళ్ళముందే పని చేశాడు, ఇంకెక్కడికి పోతాడు? బటన్ వత్తి లేపి చూశాను. మళ్ళీ అదే సిస్టమ్ సస్పెండ్. గడువులన్నీ నేను తీసేసినవే. బ్యాటరీ సగానికి పైగా ఉంది. ఇక మిగిలింది మూత ఒక్కటే. మూతేమో బార్లా తెరిచి ఉంది. మరి మూసుకుందని బయోస్‌కు ఎవరు చెప్పారు?

మూత సంగతి చెప్పడానికి ఇలాంటి యంత్రాల్లో ఎక్కడో ఒకచోట బియ్యపుగింజంత ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది. మూత దిగి దాన్ని నొక్కితే, మూసుకుందని లెక్క. షాపులో మూత బాగానే పనిచేసింది కాబట్టి ఆ పుల్ల ఎక్కడుందో వెతికే అవసరం రాలేదు. ఇప్పుడు వెతికాను. ఎడమవైపు లేదు. మధ్యలో లేదు. కుడిమూలన చూద్దామంటే పసుపు తప్ప ఏమీ కనబడదు. వంగి పక్కనుంచి చూస్తే, ఎండకు ఆరి పెళుసెక్కిన పసుపు ముద్దలో సగం మునిగి ఉంది పుల్ల. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు కదా, ఇక్కడ ఎలుక పసుపు కుంకుమలతో కూర్చుని ఉంది.

చిక్కుముడి అంతా విడిపోయింది. పసుపు తడిగా ఉన్నంతసేపు పుల్ల లేచి ఉంటుంది. ఆరేకొద్దీ బిగుసుకుని దాన్ని సగం లోపలే పట్టుకుంటుంది. ఆపైన ఒక కీ కాస్త గట్టిగా నొక్కినా చాలు, పుల్ల తగులుతుంది, బయోస్ పడుకుందామంటుంది. ఊరూరా ఇంతే.

“మేడం, సాయంత్రం ఇంటికి పోయినంక ఈ బొట్టును ఏం చేస్తరు?” అని మెల్లగా అడిగాను.

“తడిబట్టతోని మంచిగ తుడుస్త. ఎందుకు?”

తడిబట్టతో తుడవగానే పుల్ల విడిపోతుంది. నా దగ్గరికి వచ్చేసరికి యంత్రం కడిగిన ముత్యం. ఆ సంగతి చెప్పగానే మేడం నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు.

“యా అల్లా! ఆ జాగ నేనే చూపిన భాయ్. ప్రతి ఊర్ల నేనే చూపిన.”

“మీరు మర్యాద చేసిన్రు మేడం. మిషను దాన్ని మూత అనుకుంది. అంతే,” అన్నాను.

ఇక చేయాల్సింది క్షణం పని. జేబురుమాలు నీళ్ళలో ముంచి లాప్‌టాప్ మీదికి వంగాను.

“అయ్యో సారూ! బొట్టు తుడుస్తున్నరా?” సాయమ్మ కేక తోటంతా వినబడింది. బిందె కింద పెట్టి పరుగున వచ్చింది. “ఇంక బోరు ఏయనే లేదు, బొట్టు చెరిపితే ఏమన్న ఉన్నదా? పోయినసారి గట్లనే బోరు బండి డ్రైవరు బొట్టు తుడిచిండు. దుబ్బ లేసింది!”

నేను పుల్ల సంగతి చెప్పబోయాను. ఆమె నా మాట వినడం లేదు, నా చేతిలోని తడి రుమాలునే చూస్తోంది. యాదయ్య గట్టు దిగి వచ్చాడు. కోపంగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు. “సారూ, తుడిచేటట్లయితే మిషను వద్దు. మీకు దండం పెడ్త. రాయి కాడనే ఏసుకుంటం.”

దూరంగా బండ్లబాట మీద దుమ్ము లేచింది. బోరు బండి వస్తోంది.

ఆ క్షణంలో నాకు వాదించే ఓపిక ఉంది, చదువు ఉంది, ఆధారం ఉంది. కానీ వాదనలో నెగ్గితే తోటకు ఏమొస్తుంది? బోరులో నీళ్ళు పడకపోతే ఆమె జీవితాంతం నా రుమాలునే తలుచుకుంటుంది. పైగా నేను వచ్చింది కరెంటు పొదుపు సరిచేయడానికి, బొట్టు సరిచేయడానికి కాదు. రుమాలు పిండి జేబులో పెట్టుకున్నాను.

“తుడువను అక్కా. నీ బొట్టు గట్లనే ఉంటది. మిషను మాటనే మారుస్త,” అన్నాను.

లాప్‌టాప్‌ను బంద్ చేసి మళ్ళీ లేపి, బయోస్ సెటప్‌లోకి వెళ్ళాను. మూత మూస్తే సస్పెండ్ అని ఉన్నచోట, మూత మూసినా ఏమీ చేయవద్దు అని మార్చాను. పుల్ల లోపలుంటే ఏం, బయటుంటే ఏం, ఇక దాని మాట వినేవాడు లేడు. మరి జీపులో పోయేటప్పుడు? దానికి లినక్స్‌లో చిన్న ఆజ్ఞ రాసి, దానికి మా యాసలో పడుకో అనే అర్థంలో “పండు” అని పేరు పెట్టాను. మేడం అది టైపు చేస్తే యంత్రం పడుకుంటుంది, చేయకపోతే మేలుకుంటుంది. పెత్తనం బయోస్ చేతిలోంచి తీసి మేడం చేతిలో పెట్టానన్నమాట.

రీడింగులన్నీ మళ్ళీ మొదటినుంచి. కూలీలు గొణుక్కుంటూనే కడ్డీలు పీకి పరుగెత్తారు. ఈలోగా బోరు బండి వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, “ఏడ ఏసుడు? జల్ది చెప్పుండ్రి, ఇంకో ఊరుకు పోయేదుంది!” అని అరిచాడు. యాదయ్య ఒకసారి రాయి వైపు, ఒకసారి బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

“జర ఆగరాదయ్యా!” అంది సాయమ్మ డ్రైవరుతో. “మిషను సూస్తాంది.”

పసుపు ఆరి బిగుసుకునే ఉంది. మేడం కీలు నొక్కుతున్నారు, బల్ల ఊగుతోంది. తెర వెలుగుతూనే ఉంది. ఆఖరు రీడింగు కూడా అందింది. ప్రోగ్రామ్ లెక్క కట్టి బొమ్మ గీసింది. రాయి పెట్టిన చోట కిందంతా ఉత్త బండ. కింది గట్టు పక్కన, ఎవరూ అనుకోని మూలలో, పగుళ్ళున్న పొర.

మేడం అక్కడికి నడిచి వెళ్ళి చూపించారు. యాదయ్య, కొబ్బరికాయ మనిషి పెట్టిన రాయిని రెండు చేతులా ఎత్తి, తోటకు అడ్డంగా మోసుకొచ్చి, మేడం చూపిన చోట పెట్టాడు. ఆ మనిషి ఆ రాయిని మోసుకొచ్చిన తీరు నాకింకా కళ్ళకు కడుతుంది.

బోరు దిగుతుంటే ముందు తెల్లటి దుమ్మే లేచింది. చాలాసేపు దుమ్మే. సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేలమీద కూర్చుంది. షాహీన్ మేడం పెదవులు కదులుతున్నాయి. నాలోని ధీమా అప్పుడు ఒక్కసారి జారింది. నేను సరిచేసింది నిద్రను మాత్రమే, నీళ్ళను కాదు కదా. తర్వాత దుమ్ము రంగు తిరిగింది. తడి మట్టి వచ్చింది. ఆ వెనకే నీళ్ళు, బురదగా, చప్పుడు చేసుకుంటూ పైకి ఎగిశాయి. కూలీలు ఈలలు వేశారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

సాయమ్మ తడిసి ముద్దయి, అరచేతిలో ఆ బురద నీళ్ళు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పళ్ళెంలోని పసుపును ఆ నీళ్ళతోనే తడిపింది.

“ఇప్పుడు యాడ పెట్టాలె సారూ?” అని నన్ను అడిగింది.

మేడం నావైపు చూశారు. నేను కుడిమూలను చూపించాను, సరిగ్గా పుల్ల ఉన్నచోటనే.

“గీన్నే అక్కా. మంచిగ వత్తి పెట్టు.”

బొటనవేలితో అదిమి పెట్టింది. తెర వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత నా బల్లమీదికి ఎన్నో రకాల యంత్రాలు వచ్చాయి, ఏపీఎం పోయి కొత్త పద్ధతులు వచ్చాయి. యంత్రం ఎలా నడుస్తుందో ఎవరైనా నేర్పుతారు, మనుషుల నడుమ అది ఎలా బతుకుతుందో పోయి చూస్తే తప్ప తెలియదని నాకు నేర్పింది ఆ తోట. ఇప్పటికీ ఎవరింట్లోనైనా, దుకాణంలోనైనా కొత్త యంత్రం పెట్టే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న విని కుర్ర ఇంజినీర్లు నవ్వుతారు. నవ్వనీ. “బొట్టు ఎక్కడ పెడతారు?” అని అడుగుతాను. వాళ్ళు చూపించిన చోటు వాళ్ళకు వదిలేసి, మిగతా చోట నా పని మొదలుపెడతాను.